రెండువందల అడుగుల దగ్గర నిర్ణయం

విమానం మేఘాల్లోంచి దిగుతోంది. కిటికీలోంచి తెలుపు తప్ప ఏమీ కనబడటం లేదు. ఇక చక్రాలు నేలకి తగులుతాయి అనుకునేలోపు ఇంజన్లు ఒక్కసారిగా హోరెత్తి, విమానం మళ్ళీ పైకి లేస్తుంది. శీతాకాలంలో కెనడాలో ఎక్కువగా ప్రయాణాలు చేసే మనవాళ్ళలో కొందరికైనా ఇది అనుభవమే. "అమ్మో, పెద్ద ప్రమాదం తప్పింది!" అనుకుంటాం. కానీ ఇది పద్ధతి ప్రకారం జరిగే మామూలు పని. దీన్ని గో-అరౌండ్ అంటారు. నేను పైలట్‌ని కాను, కిచెనర్‌లో సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్ చేసుకునేవాణ్ణి. అయినా ఈ నిర్ణయం వెనకున్న తర్కం మన వృత్తికి చాలా దగ్గరగా ఉందనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

సూదులు చెప్పేది

కిచెనర్ పక్కనే బ్రెస్లావ్‌లో వాటర్లూ ప్రాంతీయ విమానాశ్రయం ఉంది. అక్కడి 26వ నంబరు రన్‌వేకి ఐ.ఎల్.ఎస్. అనే ఏర్పాటు ఉంది. ఇందులో రెండు రేడియో సంకేతాలుంటాయి. లోకలైజర్ కుడి ఎడమల తేడా చెబుతుంది, గ్లైడ్ స్లోప్ ఎత్తులో తేడా చెబుతుంది. ఒక్కో సంకేతంలో 90 హెర్ట్జ్, 150 హెర్ట్జ్ స్వరాలు రెండు కలిసి ఉంటాయి. విమానం సరైన దారిలో ఉంటే రెండూ సమానంగా వినబడతాయి, పక్కకి జరిగితే ఒకటి బలపడుతుంది. ఆ తేడానే కాక్‌పిట్‌లో సూదిగా కనబడుతుంది. సాధారణంగా దిగే వాలు 3 డిగ్రీలు. అంటే నాటికల్ మైలుకి సుమారు 320 అడుగులు.

మొదటి తరగతి ఐ.ఎల్.ఎస్.లో సూదుల్ని నమ్ముకుని మామూలుగా నేలకి 200 అడుగుల ఎత్తు వరకే రావచ్చు. అక్కడికి చేరేసరికి అప్రోచ్ లైట్లో, రన్‌వే అంచో, దాని దీపాలో కంటికి కనబడాలి. కనబడకపోతే పైకి లేవాలి. 140 నాట్ల వేగంతో వచ్చే విమానానికి అక్కడినుంచి నేల పదహారు సెకన్ల దూరం. తర్కించుకోవడానికి అది చాలదు. అందుకే పైలట్లు దిగడం మొదలుపెట్టకముందే, ఎక్కడ నిర్ణయించాలి, లేస్తే ఎటు వెళ్ళాలి అన్నది ఒకరికొకరు చెప్పుకుంటారు.

డిఫాల్ట్ ఏది?

"దిగుతాం, ఏదైనా తేడా వస్తే లేస్తాం" అన్నది ఒక పద్ధతి. "లేస్తాం, అన్నీ సరిగ్గా ఉంటేనే దిగుతాం" అన్నది ఇంకొకటి. ప్రోగ్రాములో షరతు అటూ ఇటూ మార్చి రాసినట్టే ఉంది కదా, తేడా ఏమిటి అంటారా? తేడా అనుమానం వచ్చినప్పుడు తెలుస్తుంది. మొదటి పద్ధతిలో అనుమానం వస్తే విమానం దిగుతుంది, రెండోదాంట్లో లేస్తుంది. ఫైర్‌వాల్ నియమాలు రాసినవాళ్ళకి ఇది కొత్త కాదు: అనుమతించినవి తప్ప మిగతావన్నీ నిషిద్ధం.

రన్‌వే కనబడటం ఒక్కటే షరతు కాదు. మేఘాల్లో వస్తుంటే 1,000 అడుగుల దగ్గరికల్లా వేగం, దిగే రేటు, ఫ్లాపులు, చక్రాలు, చెక్‌లిస్టు అన్నీ కుదురుకోవాలి. లేకపోతే ఆ అప్రోచ్ అస్థిరమైనట్టే. నిబంధన ఇంత స్పష్టంగా ఉన్నా ఆచరణ వేరు. వైమానిక భద్రతా అధ్యయనాల్లో తరచు చెప్పే లెక్క ప్రకారం, నూటికి మూడు నాలుగు అప్రోచ్‌లు అస్థిరంగా ఉంటాయి, వాటిలో 97 శాతం అలాగే కొనసాగి దిగుతాయి. చాలావరకు క్షేమంగానే దిగుతాయి. చిక్కల్లా అక్కడే. తప్పు దారిలో వెళ్ళినా ఫలితం బాగుంటే, అదే అలవాటవుతుంది.

రెండు ప్రమాదాలు

2005 ఆగస్టు 2న టొరాంటో పియర్సన్‌లో ఉరుముల వానలో దిగిన ఎయిర్ ఫ్రాన్స్ 358 రన్‌వే మొదటికి చేరేసరికి గ్లైడ్ స్లోప్‌కి సుమారు 40 అడుగులు పైన ఉంది. 9,000 అడుగుల రన్‌వే మీద 3,800 అడుగులు దాటాక చక్రాలు నేలకి తగిలాయి. చివర దాటిపోయి లోయలో పడి తగలబడింది. అదృష్టవశాత్తు 309 మందీ బయటపడ్డారు. పైన వాతావరణం కూడా భయంకరంగా ఉండటంతో సిబ్బంది మనసులో గో-అరౌండ్ అనే దారి మూసుకుపోయిందని దర్యాప్తులో తేలింది.

మంగళూరులో అంత అదృష్టం లేకపోయింది. 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812, వానా మబ్బూ అడ్డు లేకపోయినా, ఉండవలసిన దానికి దాదాపు రెట్టింపు ఎత్తులో వచ్చింది. కో-పైలట్ మూడుసార్లు గో-అరౌండ్ అన్నాడు. కెప్టెన్ దిగడానికే మొగ్గాడు. 8,033 అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు దాటాక నేలని తాకి, రివర్స్ థ్రస్ట్ వేసిన తర్వాత మళ్ళీ లేవబోయాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. 166 మందిలో 158 మంది చనిపోయారు.

అలాగని గో-అరౌండ్ మంత్రమేమీ కాదు. 1997 డిసెంబరు 16న ఫ్రెడరిక్టన్‌లో ఎయిర్ కెనడా 646 పొగమంచులో నేలకి బాగా దగ్గరగా, ఇంజన్ల శక్తి తగ్గించాక లేవబోయి స్టాల్ అయి కూలింది. అందులోని 42 మందీ బతికారు. నిర్ణయం ఎంత ముందు తీసుకుంటే పైకి లేవడం అంత సులువు.

మనకేమిటి?

శుక్రవారం రాత్రి రిలీజులో రోల్‌బ్యాక్ ఎప్పుడు చెయ్యాలో చాలా బృందాలు ఆ రాత్రే, అలసిపోయి, మేనేజరు ఫోను లైన్లో ఉండగా చర్చిస్తాయి. ఆ షరతులు బుధవారమే అంకెలతో సహా రాసి పెట్టుకోవచ్చు: ఇన్ని గంటలకల్లా డేటా మైగ్రేషన్ పూర్తికాకపోతే వెనక్కి, లోపాలు ఇంత శాతం దాటితే వెనక్కి. ఇంకొకటి, చాలా విమానయాన సంస్థల్లో ఇద్దరు పైలట్లలో ఎవరు గో-అరౌండ్ అన్నా లేవవలసిందే, వాదన నేల మీదకి వచ్చాకే. మన కాల్‌లో అందరికన్నా చిన్నవాడు "ఆపుదాం" అంటే ఆగే నియమం ఉందా? లేకపోతే వచ్చే రిలీజు కాగితంలో ముందుగా ఆ వాక్యం చేర్చండి.