పాత ట్రాక్టర్లలో ఇంధన గొట్టం మార్పిడి – గాలి చొరబాటు నివారణ

దమ్ము చేస్తుండగా పాత ట్రాక్టరు క్రమంగా శక్తి కోల్పోయి మడిలోనే ఆగిపోవడం తరచుగా కనిపించే సమస్య. రైతు మొదట డీజిల్ పంపును అనుమానించి, దానిని విప్పించి కాలిబ్రేషన్‌కు పంపుతాడు. ఖర్చుతో పాటు నాట్ల అదనూ దాటిపోతుంది. అనేక సందర్భాలలో అసలు లోపం ట్యాంకుకు, ఫీడ్ పంపుకు మధ్యనున్న రబ్బరు గొట్టంలోని సన్నని పగులు మాత్రమే.

ఈ పగులు సులభంగా కంటబడదు. ఫీడ్ పంపు డీజిల్‌ను పీల్చుకునే వైపున గొట్టంలోని పీడనం బయటి గాలి పీడనం కన్నా తగ్గినప్పుడు, డీజిల్ కారడానికి బదులు గాలి లోపలికి చొరబడుతుంది. గొట్టం పొడిగా ఉన్నంత మాత్రాన బాగున్నదని భావించరాదు. గాలి కుదించుకుపోతుంది కనుక నాజిల్ తెరుచుకోవడానికి కావలసిన పీడనం ఏర్పడదు. ఫీడ్ పంపు తరువాత తాత్కాలికంగా పారదర్శక గొట్టాన్ని అమర్చి చూస్తే, బుడగలు వెంటనే తెలుస్తాయి.

ఇంజిను చల్లారిన తరువాత ట్యాంకు కాక్ మూసి, విప్పబోయే అతుకులను ముందుగా శుభ్రం చేయాలి. డీజిల్ పంపులోని ప్లంజరుకు, బ్యారెల్‌కు మధ్య ఖాళీ కొన్ని మైక్రాన్లే. చిటికెడు మట్టి చాలు గీతలు పడడానికి. కొత్త గొట్టం అదే లోపలి వ్యాసంతో, డీజిల్‌ను తట్టుకునే నైట్రైల్ రబ్బరుతో చేసినదై ఉండాలి. సాధారణ నీటి పైపు ఉబ్బి మెత్తబడుతుంది. గొట్టం మెలి తిరగకుండా, సైలెన్సరుకు, ఫ్యాను బెల్టుకు తగలకుండా అమర్చాలి. గ్రామాలలో క్లిప్పుకు బదులు కట్టుతీగ బిగించడం మామూలే గాని, ఆ తీగే కొంతకాలానికి గొట్టాన్ని కోస్తుంది. రాగి వాషర్లను కూడా మార్చడం మేలు.

పంపు నుండి నాజిళ్లకు వెళ్లే ఉక్కు గొట్టాల సంగతి వేరు. అవి సమాన పొడవుతో, అధిక పీడనం కోసం చేసినవి. వాటి స్థానంలో రబ్బరు గొట్టం వాడరాదు. అక్కడి చిమ్మును చేతితో తడిమి చూడరాదు, అది చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు.

తరువాత గాలి తీయాలి. మొదటి ఫిల్టరు స్క్రూను వదులు చేసి, ఫీడ్ పంపు చేతి లివరును ఆడిస్తూ, బుడగలు లేని డీజిల్ వస్తుండగానే బిగించాలి. రెండవ ఫిల్టరు వద్ద, ఆపై డీజిల్ పంపు వద్ద ఇదే వరుస. లివరు ఆడించినా డీజిల్ రాకపోతే పంపు చెడిందని తొందరపడరాదు. కామ్ ఎత్తు భాగం లివరును నొక్కి ఉంచి ఉండవచ్చు. ఇంజినును కొద్దిగా తిప్పి మరల ప్రయత్నించాలి. ఇంజిను అందుకున్న పిదప అరగంట భారంతో నడిపి, క్లిప్పులను మరొకసారి సరిచూడాలి.