పాత కార్లలో స్వయంచాలక గేరుపెట్టె: రోగ నిర్ణయం

గేరు తానే మార్చుకొనే కారును నడపడం సులభం. దానికి జబ్బు చేసినప్పుడు కారణం తెలుసుకొనడం మాత్రం అంత సులభం కాదు. మామూలు గేరుపెట్టెలో లోపం చేతికి, చెవికి వెంటనే అందుతుంది. పళ్లు కొరుకుతాయి, క్లచ్ జారుతుంది, గేరు పడదు. స్వయంచాలక గేరుపెట్టెలో పని అంతా మూసిన పెట్టె లోపల, ఆయిల్ ఒత్తిడి చేత, మన కంట పడకుండా జరిగిపోతుంది. అందుచేతనే ఏ చిన్న తేడా కనిపించినా "పెట్టె పోయింది, దింపవలసిందే" అన్న తీర్పు తొందరగా వెలువడుతుంది. ఈ తీర్పును ఎంతవరకు నమ్మవచ్చునో మా విద్యార్థి ఒకని తండ్రి చెప్పిన ఉదంతం విన్న తరువాత మేము ఆలోచించవలసి వచ్చింది. ఆ ఉదంతంతోనే పాఠాన్ని ఆరంభిస్తున్నాము.

ఆయన కరీంనగర్ జిల్లా నుండి 1983లో సౌదీ అరేబియా వెళ్లి దమ్మాంలో ఒక ఇంట డ్రైవరుగా చేరారు. ఆ ఇంటి కారు 1978 నాటి షెవర్లే కాప్రిస్. కొన్నాళ్లకు దాని గేరుపెట్టెలో ఆయిల్ వారం వారం తగ్గసాగింది. బండి నిలిపిన చోట నేలపై ఒక్క చుక్క లేదు. ఆయిల్ డబ్బాలకు ఆయన మాటిమాటికి డబ్బు అడగవలసి వచ్చేది. "కారకుండా తగ్గే ఆయిల్ ఎక్కడికి పోతున్నది?" అని కఫీల్ అడిగిన ప్రశ్నకు ఆయన వద్ద సమాధానం లేదు. దొంగతనమన్న మాట ఎవరూ పైకి అనలేదు గాని, డబ్బు ఇచ్చే చేతిలో ఆ అనుమానం కనిపించేదట. ఇంతలో గేర్లు ఆలస్యంగా, గట్టి కుదుపుతో మారసాగాయి. ఒక వర్క్‌షాపువారు చూసి పెట్టె మొత్తం విప్పి కట్టవలెనన్నారు. ఆ ఖర్చులో కొంత జీతం నుండి కోత పడుతుందని కఫీల్ సూచించాడు.

ఆయిల్ ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు సమాధానం ఆ పెట్టె పనిచేసే తీరులోనే ఉన్నది.

జనరల్ మోటార్స్ సంస్థ 1939లో, 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లకు హైడ్రామాటిక్ అన్న స్వయంచాలక గేరుపెట్టెను అమర్చింది. పెద్ద సంఖ్యలో తయారై ప్రజలకు అందిన వాటిలో అదే మొదటిది. తరువాతి పెట్టెలలో ఇంజనుకు, గేర్లకు నడుమ టార్క్ కన్వర్టర్ వచ్చింది. దీని మూలసూత్రానికి జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫెటింగర్ ఓడల కొరకు 1905లోనే పేటెంటు పొందాడు. రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా ఉంచి ఒకదానిని నడిపితే దాని గాలికి రెండవది తిరుగుతుంది గదా! ఇక్కడ గాలి స్థానంలో ఆయిల్ ఉంటుంది. అందువల్లనే బండి ఆగి ఉన్నప్పుడు గేరులో ఉన్నా ఇంజను ఆగిపోదు.

కన్వర్టర్ వెనుక ఉండేవి గ్రహచక్రాల వంటి పళ్లచక్రాలు. నడుమ సూర్యచక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వెలుపల వలయం. వీటిలో దేనిని నిలిపి దేనిని తిప్పితే ఆ మేరకు వేగం మారుతుంది. అలా పట్టి నిలిపేవి ఉక్కు పట్టీలు, క్లచ్ ప్లేట్లు. వాటిని బిగించేది ఆయిల్ ఒత్తిడి. శక్తిని మోయడం, పట్టీలను బిగించడం, వేడిని తీసుకొనిపోవడం, అరుగుదలను ఆపడం అనే నాలుగు పనులూ ఒకే ఆయిల్ చేస్తుంది. ఇంజను ఆయిల్ కారుతున్నదా, ఇది కారుతున్నదా అన్నది తెలియడానికి దీనికి ఎర్రరంగు కలుపుతారు. (ఒకప్పటి ఈ ఆయిల్‌లో స్పెర్మ్ తిమింగలం నూనె కూడ కలిసేది. 1970ల తొలి సంవత్సరాలలో అమెరికా ఆ నూనెను నిషేధించగా వేరే మిశ్రమాలు కనుగొనవలసి వచ్చింది.)

పట్టీలను ఎంత ఒత్తిడితో బిగించవలెను? మెల్లగా పోతున్నప్పుడు తక్కువ చాలును. ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఎక్కువ కావలెను. ఇంజనుపై ఎంత భారం ఉన్నదో పెట్టెకు ఎవరు చెప్పవలెను? ఆ కాప్రిస్‌లో ఉన్న టర్బో హైడ్రామాటిక్ 350 రకంలో ఆ పని చేసేది వాక్యూమ్ మాడ్యులేటర్ అన్న చిన్న లోహపు డబ్బీ. ఇంజను నిదానంగా తిరుగుతున్నప్పుడు దాని ఇన్‌టేక్ మానిఫోల్డులో 18 నుండి 20 అంగుళాల పాదరసమంత వాక్యూమ్ ఉంటుంది. యాక్సిలరేటరును పూర్తిగా తొక్కితే అది దాదాపు సున్నకు పడిపోతుంది. మానిఫోల్డు నుండి ఒక సన్నని గొట్టం ఈ డబ్బీకి వస్తుంది. డబ్బీలో ఒక రబ్బరు పొర ఉంటుంది. దానికి ఒకవైపు ఇంజను పీల్పు, మరొకవైపు గేరుపెట్టె.

ఏండ్లు గడచి ఆ పొర చిరిగినదనుకొందాము. ఇంజను ఆ గొట్టం గుండా గేరుపెట్టె ఆయిల్‌ను పీల్చుకొని కాల్చివేస్తుంది. నేలపై చుక్క పడదు. సైలెన్సరు నుండి తెల్లని పొగగా పోతుంది. అంతేకాదు, వాక్యూమ్ అందనందున బండి పెద్ద బరువు లాగుతున్నదని పెట్టె భ్రమపడి ఒత్తిడి పెంచుతుంది. గేర్లు ఆలస్యంగా, కుదుపుతో మారుతాయి. రెండు బాధలకూ మూలం ఒక్కటే.

ఆ డ్రైవరు పొగను చూశారు గాని ఇంజను పాతబడినదని సరిపెట్టుకొన్నారు. చివరకు ఒక వృద్ధ ఉస్తాద్ బండి కిందికి దూరి, మాడ్యులేటర్ నుండి గొట్టాన్ని ఊడబీకి, కఫీల్‌ను చేయి పట్టమని దానిని వంచాడు. ఎర్రని ఆయిల్ అరచేతిలో పడింది. మాడ్యులేటర్‌ను పట్టి ఉంచేది ఒక్క బోల్టు మాత్రమే. కొత్తది బిగించడానికి అరగంట పట్టిందట. గేర్లు కుదుటపడ్డాయి, జీతంలో కోత తప్పింది. మాతో ఈ సంగతి చెబుతూ ఆయన ఆ అరచేతిలో పడిన చుక్కల మాటను మాత్రం రెండుసార్లు చెప్పారు.

కనుక పరీక్ష ఎప్పుడూ ఖర్చులేని చోట ఆరంభం కావలెను. మొదట ఆయిల్ మట్టం. చదునైన నేలపై, బండి బాగా తిరిగి వేడెక్కిన తరువాత, పెక్కు రకాలలో ఇంజను నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీసి చూడవలెను. కొన్ని రకాలలో ఇంజను ఆపి చూడవలసి ఉంటుంది. ఆ బండి పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. తక్కువైతే పంపు గాలిని పీల్చి గేర్లు జారుతాయి. ఎక్కువైనా అంతే! తిరిగే చక్రాలు ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తాయి, నురుగు ఒత్తిడిని మోయలేదు. జారుతున్నదని డబ్బా మీద డబ్బా పోసి ఉన్న జబ్బును పెంచినవారిని మేము ఎరుగుదుము.

తరువాత రంగు, వాసన. తెల్లని గుడ్డపై చుక్క వేసి చూడవలెను. గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలినట్లే. పాలు కలిసిన గులాబీరంగులో ఉంటే రేడియేటరులోని ఆయిల్ కూలర్ చిల్లిపడి నీరు కలిసినదని అర్థం. అటువంటి బండిని అడుగు కూడ కదపరాదు, నీటికి ప్లేట్ల పూత ఊడిపోతుంది.

గొట్టాలను, తీగెలను వేళ్లతో తడిమి చూడవలెను. వాక్యూమ్ గొట్టం పగిలినా గేర్లు ఆలస్యమవుతాయి, అయితే ఆయిల్ తగ్గదు. కొన్ని పెట్టెలలో మాడ్యులేటర్‌కు బదులు యాక్సిలరేటరుకు కట్టిన కేబుల్ ఉంటుంది. 1980లలో వచ్చిన జనరల్ మోటార్స్ 700ఆర్4 అటువంటిదే. ఆ కేబుల్ వదులైతే ఒత్తిడి చాలక కొత్త ప్లేట్లు కూడ కొద్ది దూరంలోనే కాలిపోతాయి. పెట్టెను బాగుచేయించి, కేబుల్ సరిచూడక, మళ్లీ పాడుచేసుకొన్నవారి బాధ ఇంకను పెద్దది.

ఉదయం చల్లగా ఉన్నప్పుడు డ్రైవులో వేసినా రెండు మూడు క్షణాలు కదలక, వేడెక్కిన తరువాత బాగుగా నడిచే పెట్టెలో లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడి ఉండవచ్చును. దీనికి బయటి చికిత్స లేదు. సీళ్లను మెత్తపరుస్తామనే మందులు బజారులో ఉన్నాయి. అవి కొన్నాళ్లు గడుపుతాయేమో గాని వాటిపై మాకు నమ్మకం లేదు.

ఇక అడుగు ట్రేను విప్పి చూడవలెను. సన్నని బూడిదరంగు పొడి ఉంటే అది వయస్సు లక్షణం. లోహపు పెళ్లలు, నల్లని రేకులు కనిపిస్తే మాత్రం పెట్టెను దింపవలసిందే. ట్రే విప్పినప్పుడు ఆయిల్ అంతా పోదని విద్యార్థులు గమనించవలెను. 350 రకంలో సుమారు మూడు లీటర్లు మాత్రమే దిగుతుంది. అంతకు రెట్టింపు కన్వర్టర్‌లోను, దారులలోను మిగిలి ఉంటుంది. కాబట్టి ఒకసారి మార్చిన ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడితే ఆశ్చర్యపడనక్కరలేదు.

దారిలో ఆగిన బండిని తాడు కట్టి లాగించే ముందు ఒక్క సంగతి. పెట్టెలోని పంపును తిప్పేది ఇంజను. ఇంజను నడవకుండా చక్రాలు తిరిగితే పళ్లచక్రాలు ఆయిల్ అందక ఎండుగా తిరిగి కాలిపోతాయి. శక్తి అందుకొనే చక్రాలను నేల నుండి పైకెత్తి లాగించవలెను. కాప్రిస్ వంటి వెనుక చక్రాల బండిలో అవి వెనుకవి. మన నగరాలలో నేడు తిరిగే ముందు చక్రాల బండ్లలో ముందువి.