సంచిలో వేసింది గుండెకెలా ఎక్కుతుంది?

ఈసారి మా ఆశా కార్యకర్తల ముచ్చట. నర్సు ఉద్యోగం అయిపోయినా అలవాటు పోలేదు నాకు. పీహెచ్‌సీ వాళ్లు పిలిస్తే చాలు, కుటుంబ నియంత్రణ మీద ఆశమ్మలకి ఒక పూట పాఠం చెప్పడానికి బయల్దేరతాను.

వెళ్లగానే చార్టు విప్పను. "మీలో ఆపరేషన్ అయినవాళ్లెవరు?" అని అడుగుతాను. దాదాపు అందరి చేతులూ లేస్తాయి. "దానికి ముందు ఏం వాడారు?" అంటే అన్నీ దిగిపోతాయి. "ఏం వాడతామండీ! ఇద్దరు పుట్టారు, చేయించేసుకున్నాం" అంటుంది వెనక వరసలోంచి ఒకావిడ. చిక్కంతా అక్కడే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 70 మంది దాకా ఆపరేషన్ అయినవాళ్లే. మగవాళ్లు చేయించుకున్నది నూటికి ఒక్కరు కూడా లేరు. కోతా కుట్టూ లేని వేసెక్టమీ వచ్చి ఎన్నేళ్లయినా, "ఆయన బరువులెత్తాలి కదండీ" అనే మాట మాత్రం పోలేదు. బిందెలు ఎత్తేది ఎవరో మరి!

ఆశమ్మ తను ఎన్నడూ వాడనిదాన్ని, కనీసం చేత్తో పట్టుకుని చూడనిదాన్ని కొత్త కోడలికి ఎలా చెబుతుంది పాపం? అందుకే ముందు కాపర్ టీ చేతిలో పెడతాను. "ఇంతేనా!" అని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూస్తారు. ఆ వెంటనే వస్తుంది ప్రశ్న: "ఇది గుండెకెక్కుతుందంట కదండీ?" నవ్వను. "గర్భసంచి అని మనమే అంటాం కదమ్మా. సంచిలో వేసింది గుండెకెలా ఎక్కుతుంది?" అంటాను. అప్పుడు వాళ్లే నవ్వుతారు. కాకపోతే ఒక్కోసారి కిందికి జారిపోవచ్చు, మొదట్లో నెలసరి ఎక్కువ కావచ్చు. ఆ మాట దాచొద్దంటాను.

దాచితే ఏమవుతుందో అంతర ఇంజెక్షన్ దగ్గర చూశాం. మూడు నెలలకోసారి వేసేది, 2017లో ప్రభుత్వం ఉచితంగా తెచ్చింది. వేయించుకున్నాక నెలసరి గతి తప్పుతుంది, కొందరికి ఆగిపోతుంది. ముందుగా చెప్పకపోతే "చెడురక్తం లోపలే ఉండిపోతోంది" అని అత్తగారు బెంగపెడుతుంది, పిల్ల రెండో డోసుకి రాదు. మానేశాక మళ్లీ నెల తప్పడానికి ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చని కూడా చెప్పాలి. లేకపోతే గొడ్రాలిని చేశారని ఆశమ్మ ఇంటిమీదికే వస్తారు.

ఛాయ మాత్రల లెక్క చెప్పడానికి మాత్రం నేను తంటాలు పడేదాన్ని. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. లక్నో ప్రయోగశాలలో మనవాళ్లు కనిపెట్టిన మందు, హార్మోన్లు లేవు, పాలిచ్చే తల్లీ వాడొచ్చు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ రోజు గుర్తుండదు. "మా ఊళ్లో బుధవారం సంతండీ. బుధవారం మొదలుపెట్టినామెకి బుధ, శని అని చెబుతాను. మూడు నెలలయ్యాక సంత రోజొక్కటే" అంది ఒకమ్మాయి. నా చార్టులో లేని పాఠం. అప్పట్నుంచీ అన్నిచోట్లా అదే చెబుతున్నాను.

మొన్న మాత్రం ఒకావిడ తిరకాసు పెట్టింది. "ఇన్నాళ్లూ ఇద్దరు చాలన్నారు. 2024లో స్థానిక ఎన్నికలకి ఇద్దరు పిల్లల నిబంధన కూడా తీసేశారు. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. మేమేం చెప్పాలండీ?" న్యాయమైన ప్రశ్న. "ఎంతమందన్నది ఆ ఆలుమగల ఇష్టం. మనం చెప్పాల్సింది ఎడం. కాన్పయ్యాక మళ్లీ కడుపు పండడానికి కనీసం రెండేళ్లు ఆగమను" అన్నాను.

అందరూ లేచి వెళ్తుంటే ఒకావిడ ఆగిపోయింది. "ఊరందరికీ చెబుతానండీ. మా కోడలికి చెప్పాలంటే నోరు రాదు. నేనంటే సలహాలా ఉండదు, అత్త పెత్తనంలా ఉంటుంది." పక్క ఊరి ఆశమ్మ చెప్పులేసుకుంటూ వింటోంది. "మా కోడలితోనూ నాకదే. నువ్వు మా ఇంటికి రా, నేను మీ ఇంటికొస్తా" అంది. అక్కడే గుమ్మంలో నిలబడి, ఏ రోజు ఎవరింటికో మాట్లాడేసుకున్నారు.