పాత హాకీ కార్డుల సేకరణ : ఒక పరిశీలన

హాకీ అనగానే మన కళ్లముందు పచ్చిక మైదానము, ధ్యాన్‌చంద్ చేతికర్ర మెదలుతాయి. ఈ వ్యాసంలోని హాకీ వేరు. అది కెనడా దేశంలో, గడ్డకట్టిన మంచుమీద స్కేట్లు కట్టుకొని ఆడే ఆట. ఆ ఆటగాండ్ర బొమ్మలు ముద్రించిన చిన్న అట్టముక్కలే హాకీ కార్డులు. తపాలా బిళ్లలు, పాత నాణెములు కూడబెట్టేవారు మనలోనూ కలరు గనుక ఈ అభిరుచి మనకు పరాయిది కాదు. ఒక వస్తువు అరుదు కావటం ఎట్లు? అరుదైనదంతా విలువైనదేనా? ఈ రెండు ప్రశ్నలను ఈ కార్డుల ఆధారంగా విచారిద్దాము.

పుట్టుక

సిగరెట్లు నలగకుండా పెట్టెలో ఒక గట్టి అట్టముక్కను ఉంచే ఆచారం పూర్వం ఉండేది. దానిపై బొమ్మ ఉంటే కొన్నవాడు మరల అదే పెట్టెను కొంటాడని వర్తకులు గ్రహించారు. ఈ విధంగా 1910-11లో కెనడాలో 36 కార్డుల తొలి హాకీ వరుస వెలువడినది. మరుసటి ఏటి 45 కార్డులలో జార్జెస్ వెజినా అనే గోల్‌రక్షకుని తొలి కార్డు ఉన్నది. ఆయన 1926లో క్షయవ్యాధితో మరణించగా, ఉత్తమ గోల్‌రక్షకునికి ఆయన పేర బహుమతి ఏర్పడినది.

క్రమంగా పొగాకు స్థానాన్ని మిఠాయి, చూయింగ్ గమ్ ఆక్రమించాయి. కార్డులు పెద్దల జేబుల నుండి పిల్లల చేతులకు వచ్చాయి. ఒంటారియోలోని ఓ-పీ-చీ కంపెనీ 1933-34లో ఈ రంగంలో ప్రవేశించినది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆగిన ముద్రణ 1951-52లో పార్క్‌హర్స్ట్ వారి 105 కార్డులతో మరల సాగినది. మారిస్ రిచర్డ్, గోర్డీ హౌ తొలి కార్డులు ఆ వరుసలోనివే.

అరుదగుటకు కారణములు

మొదటిది వర్తకుని యుక్తి. 1923-24లో విలియం పాటర్సన్ అనే మిఠాయి కంపెనీ 40 కార్డులు పూర్తిగా కూర్చిన పిల్లలకు బహుమతిగా స్కేట్లు ప్రకటించినది. అయితే బెర్ట్ కార్బో బొమ్మగల 25వ కార్డును మాత్రం బహు కొద్దిగా విడుదల చేసినది. పిల్లల ఆశను పెంచి, బహుమతిని అందకుండా చేసిన ఆ కార్డే నేడు సేకర్తలకు అపురూపము.

రెండవది పిల్లల ఆట. వారు కార్డులను గోడకు విసిరి పందెమాడేవారు. చప్పుడు కోసం సైకిలు చక్రపు పుల్లల మధ్య బిగించేవారు. కట్టగా పేర్చి రబ్బరు బ్యాండు వేసేవారు. 1958-59 టాప్స్ వరుసలో చివరిదైన 66వ కార్డు బాబీ హల్‌ది. కట్టకు అడుగున ఉండి రాపిడిని ఎక్కువగా భరించినందున, చెడని ప్రతి దొరకటం కష్టము.

మూడవది తయారీలోని లోపము. 1979-80 ఓ-పీ-చీ వరుసలో 18వదైన వేన్ గ్రెట్స్కీ కార్డుకు నీలిరంగు అంచు కలదు. కార్డుల అంచులు గరుకుగా తెగేవి. చిన్న దెబ్బ తగిలినా నీలం రాలి తెలుపు బయటపడేది.

విలువ - విచక్షణ

నాలుగు మూలలు, అంచులు, ఉపరితలము, బొమ్మ మధ్యగా ఉండటము - ఈ నాలిగింటిని బట్టి పరీక్షకులు 1 నుండి 10 వరకు అంకెలు వేస్తారు. పదికి పది పొందిన గ్రెట్స్కీ కార్డు 2020లో 12 లక్షల 90 వేల డాలర్లకు, 2021లో 37 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయినది.

ధర పెరిగినచోట మోసమూ పెరుగుతుంది. నలిగిన అంచును కత్తిరించి కొత్తదిగా చూపేవారున్నారు. కొలబద్దతో ఆ గుట్టు బయటపడుతుంది. ఫోటో తీసి అచ్చువేసిన నకిలీని భూతద్దంతో చూస్తే, సాధారణంగా అక్షరాలు సైతం చుక్కలుగా కనిపిస్తాయి. అసలులో అక్షరము నిండుగా ఉంటుంది.

అరుదు వేరు, విలువ వేరు. ఎవరూ కోరని వస్తువు ఒక్కటే మిగిలినా దానికి ధర ఉండదు. ఆటపై జనులకు గల ప్రేమ, ఆటగాని కీర్తి, వస్తువు స్థితి - ఈ మూడూ కలిసినప్పుడే విలువ పుడుతుంది.

విద్యార్థులారా! నిన్న చెత్తబుట్టలో పడిన కాగితమే నేడు ఒక దేశపు ఆటకు చరిత్ర అయినది. మన కళాశాల పాత సంచికలు, క్రీడాపోటీల పత్రములు, ముషాయిరాల ఆహ్వానములు కూడా అట్టివే. వాటిని ఎండ, తేమ తగలని చోట, తేదీ వ్రాసి భద్రపరచటానికి ధనము అక్కరలేదు, శ్రద్ధ చాలును. గ్రంథాలయంలో అందుకొక బీరువా కేటాయించవలసినదిగా కళాశాల సంఘమువారిని కోరుచున్నాము.