ఆటలో అరటిపండు

పిల్లల ఆటస్థలంలో గంటకు 600 రూపాయలు కట్టాం. చేతికి కాగితం బ్యాండు, కాళ్లకు రబ్బరు చుక్కల సాక్సులు. ఇంత హడావిడి చేసి లోపలికి వెళ్లిన మా నాలుగేళ్ల అమ్మాయి వల పట్టుకుని నిలబడిపోయింది. అవతల రంగు బంతులు నింపిన తొట్టి, అందులోకి దిగే జారుడుబల్ల. పిల్లలు కేకలేస్తూ జారుతున్నారు. ఈ పిల్ల మాత్రం కదలదు.

పది నిమిషాలు చూసి, ఇక ఆగలేక, "వెళ్లమ్మా, నీకంటే చిన్నపాప ఎంత బాగా జారుతోందో చూడు!" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందులో ప్రోత్సాహం తక్కువ, పోలిక ఎక్కువ. వల మీద ఆ చిన్న వేళ్లు ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి.

మా చిన్నప్పుడు వీధిలో ఆడుకునేటప్పుడు బుడతలను 'ఆటలో అరటిపండు' అని చేర్చుకునేవాళ్లం. వాళ్లు పరిగెత్తొచ్చు, దాక్కోవచ్చు. దొరికినా దొంగ పెట్టేవాళ్లం కాదు. ఇప్పుడు ఆ మాటను లెక్కలోకి రాని మనిషికి అంటగడుతున్నాం గానీ, అసలు అందులో ఎంత దయ ఉందో! పెద్దపిల్లల మధ్య తిరుగుతూ, చూస్తూ, ఆ బుడతలు ఆట నేర్చేసుకునేవారు. ఏదో ఒకనాడు వాళ్లే వచ్చి "నన్నూ దొంగ పెట్టండి" అని పేచీ పెట్టేవారు. ఆ రోజు ఎప్పుడొస్తుందని ఎవరూ గడియారం చూడలేదు.

అమెరికా పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో, బడి ఈడు రాని పిల్లలు తోటివారితో ఎలా మెలుగుతారో గమనించి ఆరు తీరులుగా చెప్పారు. అందులో ఒకటి, ఇతరుల ఆటను చూడటం. ఊరికే దిక్కులు చూడటాన్ని ఆమె వేరుగా లెక్కించారు. ఫలానా పిల్లల దగ్గరే నిలబడి, ఒక్కోసారి వాళ్లను ఏదో అడుగుతూ, ఆటలో మాత్రం దిగకుండా చూడటం వేరే సంగతి. అంటే మా అమ్మాయి ఖాళీగా లేదు.

ఫోను జేబులో పెట్టి పక్కనే కింద కూర్చున్నాను. "ఏం చూస్తున్నావు తల్లీ?"

"ఆ అన్న కాళ్లు ముందు పెడుతున్నాడు నాన్నా. ఎర్రగౌను పాప తల ముందు పెట్టింది. అందుకే ఏడ్చింది."

నేను భయం అనుకున్నది పరిశీలన! నిజానికి తొందర నాది. నలుగురిలో నా కూతురు పిరికిదని అనిపించుకుంటుందేమోనన్న బెంగ నాది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో "మావాడు ఎవరితోనూ కలవడండీ" అని పిల్లల ఎదుటే అనేస్తుంటాం. ఆ మాటను వాళ్లు తమ పేరులాగే మోస్తారు. దయచేసి అనకండి. "తను ముందు చూసుకుంటుంది, తర్వాత ఆడుతుంది" అంటున్నాను నేనిప్పుడు. అదే నిజం కూడా.

ఇప్పుడు సెలవురోజు సాయంత్రాలు మానేసి, జనం పలచగా ఉండే వేళకు తీసుకెళ్తున్నాం. వెళ్లగానే కాసేపు ఏ సలహా ఇవ్వను. కింద కూర్చుంటాను, నేనెక్కడున్నానో తనకు కనబడితే చాలు. బయల్దేరేటప్పుడు "ఐదు నిమిషాల్లో వెళ్దాం" అనను, ఆ వయసుకు నిమిషాలు అర్థం కావు. "ఇంకో రెండుసార్లు జారాక వెళ్దాం" అంటే ఏడుపు చాలా తగ్గింది.

ఆ మొదటిరోజు గంట ముగియబోతుండగా మెట్లెక్కింది. పైన కూర్చుని, రెండు కాళ్లూ ముందుకు చాపి, నావైపు ఒకసారి చూసి జారింది. ఒక్కసారే.

ఇంటికొచ్చాక దివాను మీంచి కిందికి దిండ్లు పేర్చింది. "కాళ్లు ముందు పెట్టాలి నానమ్మా, తల కాదు" అని మా అమ్మకు పాఠం మొదలెట్టింది. మోకాళ్ల నొప్పులతో ఉన్న మా అమ్మ "నేను చూస్తుంటాలే" అంది.

"సరే, చూడు. నేనేం తొందరపెట్టను" అంది మా అమ్మాయి.