కొట్టేసినా కనబడాలి

మిర్యాలగూడ

చిరంజీవి అల్లుడికి మామ దీవించి రాయునది.

మీ అత్తకు మోకాళ్ల నొప్పి అట్లాగే ఉంది. నువ్వు పంపిన పట్టీ కట్టుకోమంటే, మాసిపోతుందని బీరువాలో దాచింది.

నువ్వు మాదాపూర్ కొలువు వదిలి నల్లగొండ ఐటీ హబ్‌కు వచ్చి కూర్చున్నప్పుడు మీ నాన్న అలిగాడు గానీ నేను ఒక్క మాట అనలేదు. రైసుమిల్లులకు సాఫ్ట్‌వేర్ రాస్తానంటే లోపల సంబరపడ్డాను కూడా. కానీ మొన్న పెళ్లి పందిట్లో ఒక మాట చెవిన పడింది. కాంటా చిట్టీ కొట్టిన తర్వాత కూడా తూకం, తేమ మార్చుకునే వీలు పెట్టమని ఎవరో సావుకారి అడిగితే, నువ్వు సరేనన్నావట. అబద్ధమైతే ఈ ఉత్తరం చింపెయ్. నిజమైతే ఆఖరుదాకా చదువు.

నీ పని అక్కరలేనిదని నేననను. బెంగళూరులో గోయెంకా అనే వ్యాపారికి తన లెక్కలకు సరిపోయే ప్రోగ్రాం ఎక్కడా దొరక్కపోతే, కొడుకు భరత్ గోయెంకా కూర్చుని రాశాడు. 1986 నాటి సంగతి, అదే ఇప్పటి టాలీ. ఇవాళ మన మిల్లుల్లో టాలీ లేని ఆఫీసు లేదు. అయితే టాలీకి పైసలు తెలుసు, వడ్లు తెలియవు. 24 శాతం తేమతో హార్వెస్టర్ నుంచి నేరుగా ట్రాక్టర్‌లో వచ్చిన క్వింటాలు పచ్చి వడ్లు, డ్రయర్‌లో 14 శాతానికి ఆరితే 88 కిలోల చిల్లర మిగులుతాయి. మిగతాది ఆవిరి. బజారులో కొన్న ప్యాకేజీ దాన్ని దొంగతనం కింద చూపిస్తుంది. తవుడు ఒక లెక్క, నూకలు ఒక లెక్క, ఊక కొంత అమ్మకం, కొంత బాయిలర్‌కే. మరపట్టడానికి మిల్లు సర్కారు వడ్లు తీసుకుంటే క్వింటాలుకు పచ్చిబియ్యం 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు తిరిగి అప్పజెప్పాలి. ఇవన్నీ తెలిసినవాడు రాస్తేనే మిల్లుకు పనికొస్తుంది. నీకు తెలుసు. అందుకే నా భయం.

నేను గుమాస్తాగా చేరినప్పుడు సాగర్ ఎడమ కాలువ నీళ్లు కొత్తగా వచ్చిన రోజుల వేడి ఇంకా తగ్గలేదు. ఎక్కడ చూసినా మిల్లు గొట్టాలే లేస్తున్నాయి. మా పెద్ద గుమాస్తా రబ్బరు, బ్లేడు ఆఫీసు గడప దాటనిచ్చేవాడు కాదు. అంకె తప్పుపడితే ఎర్రసిరాతో ఒకే ఒక గీత, కింద పాత అంకె చదవడానికి రావాలి, పక్కన కొత్త అంకె, పొట్టి సంతకం. ఎవరైనా గీకితే ఆ పేజీ మొత్తం మళ్లీ రాయించేవాడు, పాతది చించకుండా కుట్టించేవాడు. ఆయనకు నల్ల చాయ్, ఉస్మానియా బిస్కెట్ ఉంటే చాలు, అన్నం యాదికుండేది కాదు. నువ్వూ అట్లాగే తయారయ్యావని మీ అమ్మ ఏడుస్తోంది. వేళకు తిను బిడ్డా.

ఏం చెబుతున్నాను? ఆ. డిలీట్ బటన్ పెట్టకు. తప్పు ఎవరైనా చేస్తారు, దిద్దే వీలుండాల్సిందే. కానీ దిద్దితే పాత తూకం పక్కనే కనబడాలి, ఎవరు దిద్దారో, ఏ గంటకు దిద్దారో పడాలి, సావుకారి దిద్దినా పడాలి. తేమకూ అంతే, తాలుకూ అంతే, గన్నీ సంచుల లెక్కకూ అంతే, హమాలీల కూలికి మరీ ముఖ్యం. నీకిది ముసలాడి చాదస్తం అనిపిస్తుంది. 40 కిలోల బస్తాకు ఒక్క కిలో తరుగు తీస్తే నూరు బస్తాలకు క్వింటాలు పోతుంది. 2025 వానాకాలంలో క్వింటాలు ఏ-గ్రేడ్ మద్దతు ధర 2,389 రూపాయలు ఉండేది. అంత సొమ్ము, ఒక మనిషి రాత్రి పదకొండుకు ఒక డబ్బాలో అంకె మార్చితే మాయం. రైతు అప్పటికి నిడమనూరు తోవలో ట్రాక్టర్ మీద నిద్రపోతుంటాడు.

ఇంకోటి. చిట్టీని ఆ మెరిసే థర్మల్ కాగితం మీద ఇవ్వకు. రైతు దాన్ని చొక్కా జేబులో పెట్టి ఎండలో తిరుగుతాడు, కొద్ది నెలల్లో తెల్లబడుతుంది. తగాదా వచ్చేనాటికి చేతిలో ఉత్త కాగితం. గరగర మోగే పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, కార్బన్ కాపీ చాలు. నెట్ లేకపోయినా కాంటా నడవాలి. సీజన్‌లో ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉంటే, టోకెన్ పట్టుకున్న రైతుకు సిగ్నల్ లేదని చెప్పి చూడు, ఏమంటాడో!

ఆలేరు చింతకింది మల్లేశం గురించి నీకు చెప్పనక్కరలేదు. వాళ్లమ్మ ఒక చీరకు ఆసు పోస్తూ దారాన్ని తొమ్మిది వేల సార్లు తిప్పేది. ఆ చెయ్యి నొప్పి చూసి 1992లో మొదలుపెట్టి 1999కి ఆసు యంత్రం నిలబెట్టాడు. నీ దగ్గర ఏడేళ్లు లేవు, ఆ సంగతి నాకూ తెలుసు. ఒక్క సీజన్ కాంటా దగ్గర నిలబడు. ల్యాప్‌టాప్ తియ్యకు, డ్రైవరు ఏమంటున్నాడు, హమాలీ మేస్త్రీ ఎట్లా గుర్తు పెట్టుకుంటున్నాడు, విను. పడుకోవడానికి మన ఇల్లుంది.

ఇక సావుకారి సంగతి. ఆయన బయానా ఇచ్చి ఉంటాడు, నీకు గది కిరాయి కట్టాల్సి ఉంటుంది, అది నేనెరగనిది కాదు. కానీ సర్కారు బియ్యం బకాయిల మీద మిల్లుల్లో తనిఖీలు జరుగుతున్నాయని పేపర్లో చూస్తూనే ఉన్నావు. రేపు ఎవరైనా వచ్చి అడిగితే, మాకేం తెలుసు, సాఫ్ట్‌వేర్ అట్లా చేసింది అంటాడు. అప్పుడు పిలిచేది నిన్నే. మంచిగా చెప్పు, దిద్దితే కనబడేటట్టు పెడతానని. ఒప్పుకుంటే పని చెయ్యి, కాదంటే బయానా తిరిగి ఇచ్చెయ్. తక్కువపడితే నేను సర్దుతాను, మీ అత్తకు చెప్పకు.

ఈ ఆదివారం లోపల ఆయనతో మాట్లాడి, ఏమన్నాడో నాకు ఫోన్ చెయ్యి.

మీ మామ