ఉప్పు, చలి కలిసినా బేకన్ ఎందుకు పాడవుతుంది?

మన సముద్రతీరంలో చేపలకు ఉప్పు పట్టించి ఎండబెట్టడం మీకు తెలిసిందే. ఇంగ్లండు, డెన్మార్కు, అమెరికా దేశాల్లో పందిమాంసాన్ని కూడా ఇలాగే ఉప్పుతో నిల్వచేస్తారు. పంది పొట్టనుంచో, వీపునుంచో కోసిన మాంసానికి ఉప్పు పట్టించి, చాలాసార్లు పొగ కూడా పెడతారు. దాని పేరే బేకన్. పలుచని ముక్కలుగా కోసి, పెనంమీద కరకరలాడేట్టు వేయించి, ఉదయం గుడ్లతో తింటారు.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. ఉప్పు మాంసాన్ని కాపాడుతుంది. చలీ కాపాడుతుంది. రెండూ కలిస్తే మాంసం మరీ ఎక్కువకాలం నిలవాలి గదా! కాని అమెరికా వ్యవసాయశాఖ సూచనల ప్రకారం, మైనస్ 18 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉప్పు వేయని పందిమాంసం ముక్కలు నాలుగు నెలలైనా రుచి చెడవు. బేకన్ రుచి మాత్రం ఒక్క నెలకే తగ్గిపోతుంది. ఎందుకని?

ముందు ఉప్పు చేసే మేలు చూద్దాం. దోసకాయ ముక్కలమీద ఉప్పు చల్లి పావుగంట ఆగండి. నీరు ఊరుతుంది. సూక్ష్మజీవుల కణాల్లోని నీటినీ ఉప్పు ఇలాగే బయటికి లాగుతుంది. ఇదే ద్రవాభిసరణం. నీరు కరువైతే అవి పెరగలేవు.

అయినా కొన్ని మొండిఘటాలుంటాయి. 1895లో బెల్జియంలోని ఎలెజెల్ అనే ఊళ్ళో, అంత్యక్రియలకు వచ్చిన వాద్యబృందంవారు ఉప్పులో ఊరిన పందితొడ మాంసం తిన్నారు. చాలామంది జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంజెమ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ మాంసంలో, గాలి లేనిచోట పెరిగే ఒక బాక్టీరియాను కనుగొన్నాడు. ఈనాడు దాన్ని క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అంటున్నాం. నరాల ఆజ్ఞలు కండరాలకు అందకుండా చేస్తుంది దాని విషం. దాన్ని అదుపులో ఉంచడానికే బేకన్‌కు ఉప్పుతోపాటు కొద్దిగా నైట్రైట్ కలుపుతారు. బేకన్ గులాబిరంగు కూడా దాని చలవే. కాని నైట్రైట్‌కూ ఒక చెడ్డ గుణముంది: బాగా మాడేట్టు వేయిస్తే నైట్రోసమైన్లనే హానికర పదార్థాలు పుట్టవచ్చు. ఇలా నిల్వచేసిన మాంసాలను క్యాన్సర్ కారకాల జాబితాలో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధన విభాగం 2015లో చేర్చింది.

ఇక మన ప్రశ్న. ఫ్రీజర్‌లో బేకన్‌ను పాడుచేసే శత్రువుకు ప్రాణమే లేదు. అది గాలిలోని ఆక్సిజన్! పాత జంతికలు ఒకరకమైన వాసన వేయడం మీరెరుగుదురు. నూనె ముక్కిపోవడమంటే అదే, అంటే కొవ్వు ఆక్సీకరణం చెందడం. బేకన్‌లో కొవ్వు చాలా ఎక్కువ. పైగా మాంసంలో ప్రోటీన్లతో కట్టుబడి ఉన్న ఇనుమును ఉప్పు కొంత విడిపిస్తుంది. ఆ ఇనుము ఆక్సీకరణాన్ని తొందరపెడుతుంది. సూక్ష్మజీవులకు శత్రువైన ఉప్పు ఇక్కడ ఆక్సిజన్‌కు మిత్రుడైపోయింది!

ఇంకో సంగతి. ఒక గిన్నెలో మంచినీళ్ళు, మరొకదానిలో ఇక కరగనంత ఉప్పు కలిపిన నీళ్ళు ఫ్రీజర్‌లో పెట్టి మరునాడు చూడండి. మంచినీళ్ళు గడ్డకడతాయి, ఉప్పునీళ్ళు కట్టవు. అవి పూర్తిగా గడ్డకట్టాలంటే మైనస్ 21 డిగ్రీలు కావాలి. అందుచేత మైనస్ 18 దగ్గర కూడా బేకన్‌లో కొంత ఉప్పునీరు ద్రవంగానే మిగిలి, రసాయన చర్యలు నెమ్మదిగా సాగుతూనే ఉంటాయి.

అందుకే ముక్కల మధ్య కాగితం పరచి, గాలి చొరకుండా గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెడతారు. తీశాక బయట కాక రిఫ్రిజిరేటర్‌లోనే కరగనిస్తారు. చలికి సూక్ష్మజీవులు చాలావరకు చావవు, నిద్రపోతాయంతే.

సలాడ్లమీద చల్లుకునే బేకన్ పలుకులు కూడా సీసాల్లో అమ్ముతారు. బాగా ఎండినవైతే, తెరవని సీసా అలమరలోనే ఉంచవచ్చు. తడి ఉన్నవి చల్లగానే ఉండాలి. తమాషా ఏమిటంటే, ఆ సీసాల్లో కొన్నింటిలో మాంసమే ఉండదు. ఉన్నది సోయాపిండి, రంగు, పొగవాసన!